అక్కడ 64 ఉండాలి

ఈ బ్లాగుకి వచ్చేవాళ్ళకి నా పుస్తకాల పిచ్చి తెలుసు గానీ, నెలనెలా నాకు జీతం దేనికిస్తారో తెలీదు. ఎవరైనా అడిగితే "చిప్పుల డిజైను" అని ఒక మాట చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. "అంటే బొమ్మలు గీస్తారా?" అని మా పెద్దమ్మ ఒకసారి అడిగింది. గీయం. అసలు మేం చిప్పుని చూడం కూడా. కంటితో చూసి అర్థం చేసుకునేంత చిన్నది కాదది. మరేం చేస్తారూ అంటే, రోజంతా దాన్ని ప్రశ్నలడుగుతూ కూర్చుంటాం. ఆ ప్రశ్నలడిగే భాష గురించి, ఆ భాషలో ఒక చిన్న నక్షత్రం గుర్తు వల్ల మా ప్రాజెక్టుకి వచ్చి తప్పిన గండం గురించి ఈసారి రాస్తాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కొన్ని చోట్ల నవ్వు రావచ్చు. మిగతావాళ్ళు భయపడక్కర్లేదు, లెక్కలేం లేవు.

ముందు డిజైనర్లు వెరిలాగ్ అనే భాషలో "ఈ పని ఇలా జరగాలి" అని రాస్తారు. చూడ్డానికి మామూలు ప్రోగ్రాములాగే ఉంటుంది. సింథసిస్ అనే టూలు దాన్ని మింగి గేట్లు, ఫ్లిప్‌ఫ్లాపులు, వాటిని కలిపే తీగలుగా మార్చి బయటికి వదులుతుంది. దీన్ని నెట్‌లిస్ట్ అంటాం. ఓ మోస్తరు బ్లాకులోనే లక్షల భాగాలుంటాయి. తెరమీద బొమ్మలా తెరవచ్చు, ఎవరూ కాదనరు. కానీ అది చీమలపుట్టని మేడమీంచి చూసినట్టు ఉంటుంది. ఏ చీమ ఎక్కడికి పోతోందో తెలియాలంటే చీమనే అడగాలి.

ఇందులో ఫ్లిప్‌ఫ్లాపు సంగతి ఒక్కటి గుర్తుంచుకోండి, మిగతా కథంతా దాని చుట్టూనే. అది ఒక్క బిట్టుని దాచుకునే డబ్బా. క్లాకు టిక్కుమన్నప్పుడల్లా గుమ్మం దగ్గరున్న విలువని లోపలికి తీసుకుంటుంది. ఒక ఫ్లాపులోంచి బయల్దేరిన విలువ మధ్యలో గేట్లన్నీ దాటుకుని, తర్వాతి టిక్కు కొట్టేలోపు అవతలి ఫ్లాపు గుమ్మానికి చేరాలి. చేరకపోతే అవతలివాడు పాత విలువనో, పిచ్చి విలువనో పట్టుకుంటాడు. లక్షల దారుల్లో ప్రతి ఒక్కటీ వేళకి చేరుతోందా లేదా అని చూసే టూలు వేరే ఉంది. దానికి ఏ దారులు లెక్కించాలో, ఏవి వదిలెయ్యాలో మేం చెప్పాలి. ఆ చెప్పడంలోనే ఉంది పేచీ అంతా.

ఇక భాష. పేరు టీసీఎల్, పలకడం మాత్రం "టికిల్". జాన్ ఔస్టర్‌హౌట్ అనే ఆయన 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉండగా మొదలుపెట్టాడు. ఇది చిప్పుల వాళ్ళ కష్టంలోంచే పుట్టిన భాష అని చాలామందికి తెలీదు. ఆయనా, ఆయన విద్యార్థులూ అంతకుముందు మ్యాజిక్ లాంటి చిప్ లేఅవుట్ టూళ్ళు రాశారు. టూలు మీద శ్రద్ధంతా పోయేది, దానికి ఆదేశాలిచ్చే భాష మాత్రం చివర్లో హడావిడిగా అతికించేవారు. ఒక టూలు భాష ఇంకో టూలుకి పనికొచ్చేది కాదు. ఏ టూలులోనైనా ఇమిడిపోయే చిన్న భాష ఒకటి ఉంటే బావుంటుందని ఆయన ఆలోచన. దీనికి 1997లో ఏసీఎం వాళ్ళ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు కూడా వచ్చింది. మిగతా లోకం పైథాన్ వైపు వెళ్ళిపోయింది గానీ, చిప్పుల లోకం మాత్రం ఈ భాషని వదల్లేదు. సినాప్సిస్, కేడెన్స్ టూళ్ళలో అదే. జైలింక్స్ వాళ్ళు 2012లో వివాడో తెచ్చినప్పుడు తమ పాత నియమాల ఫైళ్ళని పక్కనబెట్టి దీని దారికే వచ్చారు.

టికిల్‌లో అన్నీ మాటలే. అంకెలు కూడా మాటలే. చదరపు బ్రాకెట్లో ఏదైనా పెడితే "ముందు ఇది అడిగి, వచ్చిన జవాబుని ఇక్కడ పెట్టు" అని అర్థం. ప్రశ్నలో ప్రశ్న, దాన్లో ఇంకో ప్రశ్న. మన బాపతు వంశవృక్షం సంభాషణలాగే: "ఆయన ఎవరూ? మీ మేనత్త తోటికోడలి అన్నగారా?" లోపలి ప్రశ్నకి జవాబు దొరికితేగానీ బయటి ప్రశ్న కదలదు. దురదృష్టం ఏమిటంటే వెరిలాగ్‌లో బస్సులోని మూడో తీగని డేటా[3] అని ఇదే చదరపు బ్రాకెట్లతో రాస్తారు. అలాగే టైపు చేస్తే టికిల్ "3 అనే ఆదేశం నాకు తెలీదే" అని అమాయకంగా మొహం పెడుతుంది. చుట్టూ మీసాల బ్రాకెట్లు వేస్తే ఊరుకుంటుంది. ఈ రంగంలోకి వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ మొదటివారంలో జరిగే బారసాల ఇది.

ప్రశ్నల్లో ముఖ్యమైనవి నాలుగు. గెట్_సెల్స్, గెట్_పిన్స్, గెట్_నెట్స్, గెట్_పోర్ట్స్. (టైపు చేసేది ఇంగ్లీషులోనే. ఇక్కడ మన లిపిలో రాస్తుంటే ఎందుకో ముచ్చటగా ఉంది.) ఒక ఊరనుకోండి. సెల్లు అంటే ఇల్లు, అది గేటు కావచ్చు, ఫ్లాపు కావచ్చు. పిన్ను అంటే ఆ ఇంటి గుమ్మం. నెట్టు అంటే గుమ్మాలని కలిపే వీధి. పోర్టు అంటే ఊరి పొలిమేర, అక్కణ్ణించి బయటి లోకం. కొత్తవాళ్ళు పిన్నుకీ పోర్టుకీ తేడా తెలీక తికమకపడతారు. మీ ఇంటి గుమ్మం, ఊరి పొలిమేర ఒకటి కావు కదా, అంతే.

ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళడానికి -ఆఫ్_ఆబ్జెక్ట్స్ అనే తోక ఉంది. దీన్ని చూసినప్పుడల్లా నాకు మన "తాలూకు" గుర్తొస్తుంది. ఇంగ్లీషు "ఆఫ్"కి సరిగ్గా అతికే తెలుగు మాట అది ఒక్కటే. గెట్_పిన్స్ -ఆఫ్_ఆబ్జెక్ట్స్ అంటే "ఈ ఇంటి తాలూకు గుమ్మాలు". గెట్_నెట్స్ -ఆఫ్_ఆబ్జెక్ట్స్ అంటే "ఈ గుమ్మం తాలూకు వీధి". రెండూ కలిపితే, ఒక ఇంటినుంచి బయల్దేరి ఏ ఇంటికైనా అడుక్కుంటూ వెళ్ళిపోవచ్చు. అంత నడక వద్దనుకుంటే ఆల్_ఫ్యానిన్ అని ఇంకోటుంది. "ఈ గుమ్మానికి చేరేవాళ్ళు అసలు ఎక్కడెక్కడ బయల్దేరారు?" అని అడిగితే, మధ్యలో గేట్లన్నీ దాటుకుని వెనక్కి వెళ్ళి, మొదట బయల్దేరిన ఫ్లాపుల జాబితా తెచ్చి చేతిలో పెడుతుంది. ఆల్_ఫ్యానౌట్ దానికి ఎదురు, ముందుకి వెళ్ళేది. నాకు ఈ రెండూ ఇష్టం. ఎందుకిష్టమో కాసేపట్లో తెలుస్తుంది.

జవాబు వచ్చే తీరు కూడా తమాషాగానే ఉంటుంది. సినాప్సిస్ టూళ్ళలో గెట్_సెల్స్ అడిగి, వచ్చినదాన్ని ఒక వేరియబుల్లో పెట్టి, అచ్చెయ్యమంటే సెల్లుల పేర్లు రావు. _సెల్12 లాంటి ఒక గుర్తు వస్తుంది. దీన్ని కలెక్షన్ అంటారు. గుడి బయట చెప్పులు ఇచ్చి టోకెన్ తీసుకుంటాం చూడండి, ఆ టోకెనే ఇది. టోకెన్ కాళ్ళకి వేసుకోలేం, దాన్ని చూపిస్తే చెప్పులిస్తారు. ఎన్ని జతలున్నాయో అడగడానికి సైజాఫ్_కలెక్షన్, ఒక్కొక్కటిగా తియ్యడానికి ఫోరీచ్_ఇన్_కలెక్షన్. వివాడోలో ఈ గొడవ లేదు, మామూలు జాబితాలాగే తిరగొచ్చు. అక్కడ గుణం అడగాలంటే గెట్_ప్రాపర్టీ, సినాప్సిస్‌లో గెట్_యాట్రిబ్యూట్. భాష ఒకటే, యాసలు వేరు. వరంగల్లో, భీమవరంలో ఒకే కూరగాయ పేరు మారినట్టు.

అసలు సంగతి పేర్లది. చిప్పులో ప్రతి భాగానికీ పూర్తి పేరు బయటినుంచి లోపలికి నడుస్తుంది. పైన డిస్‌ప్లే బ్లాకు, అందులో టైమింగ్ మాడ్యూలు, అందులో ఒక రిజిస్టరు. మధ్యలో ఏటవాలు గీతలు. యు_డిస్ప్/యు_టైమ్/కౌంట్_రెగ్, ఇలా. మనకిది కొత్త కాదు. ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. అమెరికా ఫారాలు తల్లకిందులు చేసేదాకా మనవాళ్ళందరం ఈ వరసలోనే ఉన్నాం.

పూర్తి పేరు తెలిస్తే ఇబ్బందే లేదు. సాధారణంగా తెలీదు. అందుకని నక్షత్రం గుర్తు. *అంటే "ఇక్కడ ఏముంటే అది". కౌంట్* అంటే కౌంట్ అని మొదలయ్యేవన్నీ. మామూలుగా గెట్_సెల్స్ మనం నిలబడ్డ అంతస్తులోనే వెతుకుతుంది. హాల్లో నిలబడి పిలిస్తే హాల్లోవాళ్ళే పలికినట్టు. మేడమీద గదులన్నిట్లోనూ వినబడాలంటే -హైరార్కికల్ అని చేర్చాలి. చేర్చగానే ఇల్లంతా మైకులో పిలిచినట్టే. మీ ఊరి తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌కి వెళ్ళి "శ్రీనూ!" అని గట్టిగా ఒక కేకెయ్యండి. ఎన్ని తలలు తిరుగుతాయో చూడండి. అందులో మీకు కావలసిన శ్రీను రాకపోయినా రాకపోవచ్చు, ఆయన ఆ వారం ఇండియాలో ఉండొచ్చు.

ఈ ఉపమానంలోనే రెండు ప్రమాదాలూ ఉన్నాయి. ఎవరూ పలక్కపోవడం, అక్కర్లేనివాళ్ళు పలకడం.

ఎవరూ పలక్కపోతే ఏమవుతుంది? టూలు ఆగదు. "ఈ పేరుతో ఎవరూ దొరకలేదు" అని ఒక హెచ్చరిక రాసి, ఇచ్చిన నియమాన్ని గాలికి వదిలి ముందుకెళుతుంది. ఆ హెచ్చరిక వేల లైన్ల లాగ్‌లో ఎక్కడో ఉంటుంది. పైగా -క్వైట్ అని ఒక సౌకర్యం కూడా ఉంది, అది పెడితే ఆ హెచ్చరిక కూడా రాదు. హెచ్చరికలు ఎక్కువైపోతున్నాయని మేనేజర్లు విసుక్కున్నప్పుడు స్క్రిప్టుల్లోకి ఇది మెల్లిగా చేరుతుంది. నన్నడిగితే నియమాల ఫైల్లో -క్వైట్ కనబడితే జరిమానా వెయ్యాలి.

పేర్లు ఎందుకు దొరక్కుండా పోతాయంటే, పేర్లు నిలవవు. వెరిలాగ్‌లో కౌంట్ అని రాస్తే సింథసిస్ దానికి _రెగ్ తగిలిస్తుంది. మాడ్యూలు గోడ కొట్టేసి లోపలివాటిని బయటివాటితో కలిపేస్తే ఇంటిపేరు మారిపోతుంది. ఒకే ఫ్లాపు చాలా చోట్లకి పనిచెయ్యాల్సొస్తే వివాడో దానికి కవలల్ని పుట్టించి _రెప్లికా అని పేరు పెడుతుంది. మీరు అసలువాడికి పెట్టిన నియమం కవలకి వర్తించిందో లేదో మీరే చూసుకోవాలి. వీసా ఆఫీసులో ఎఫ్ఎన్‌యు అనే కొత్త పేరు సంపాదించుకుని దిగిన మనవాళ్ళకి ఈ బాధ వివరించక్కర్లేదు. మనిషి అదే, పిలిస్తే మాత్రం పలకడు, ఎందుకంటే ఆ పేరు తనదని తనకే తెలీదు.

అయితే ఈ రెండింట్లో ఏది ఎక్కువ ప్రమాదం అన్నదాంట్లో నా అభిప్రాయం, కొత్తవాళ్ళు అనుకునేదానికి వ్యతిరేకం. "ఈ దారిని లెక్కించకు" అనే నియమం ఖాళీగా పోతే టూలు ఆ దారినీ లెక్కిస్తుంది, "వేళకి చేరట్లేదు" అని మొత్తుకుంటుంది, మనం వెళ్ళి చూస్తాం. విసుగే గానీ నష్టం లేదు. అదే నియమం అక్కర్లేనివాటికి కూడా తగిలితే? నిజంగా లెక్కించాల్సిన దారులు లెక్కలోంచి మాయమవుతాయి. రిపోర్టు శుభ్రంగా వస్తుంది. శుభ్రంగా వచ్చిన రిపోర్టుని ఎవరూ తెరిచి చూడరు.

మా దగ్గర జరిగింది ఇదే.

నేనుండేది ఆస్టిన్. మా టీమ్‌లో సగం హైదరాబాద్‌లో. వేసవిలో పదిన్నర గంటల తేడా. నా పొద్దుటి కాఫీ వేళకి అక్కడ రాత్రి భోజనాలవుతుంటాయి. ఆ ప్రాజెక్టులో ఒక చిప్పుకి డిస్‌ప్లే బ్లాకు కొత్తగా చేరింది. దాని క్లాకు వేరు. 1080 గీతల బొమ్మని సెకనుకి 60 సార్లు చూపించాలంటే పిక్సెల్ క్లాకు 148.5 మెగాహెర్ట్జ్ ఉండాలి, అంటే టిక్కుకీ టిక్కుకీ మధ్య 6.73 నానోసెకన్లు. చిప్పులో మిగతా భాగమంతా ఇంకో క్లాకు మీద నడుస్తుంది. రెండింటికీ పొంతన లేదు.

పొంతనలేని క్లాకుల మధ్య బిట్టుని అందించడం అంటే, పరిగెడుతున్న ఒక బస్సు కిటికీలోంచి పరిగెడుతున్న ఇంకో బస్సులోకి సంచీ అందించడం. అందుకునేవాడు చెయ్యి చాపిన క్షణానికి విలువ మారుతూ ఉంటే, ఫ్లాపు సున్నాకీ ఒకటికీ మధ్య కాసేపు ఊగిసలాడుతుంది. అందుకని అక్కడ రెండు ఫ్లాపుల్ని ఒకదాని వెనక ఒకటి పెడతారు. మొదటివాడు తడబడ్డా, రెండోవాడు తీసుకునేలోపు తేరుకుంటాడు. దీన్ని సింక్రొనైజర్ అంటాం. మా లైబ్రరీలో ఆ రెండు ఫ్లాపులూ కలిపి ఒకే సెల్లుగా వస్తాయి. దాని గుమ్మానికి చేరే దారిని వేళ లెక్కలోంచి తప్పించాలి, ఎందుకంటే అక్కడ వేళ అనేదానికే అర్థం లేదు. దానికి సెట్_ఫాల్స్_పాత్ అనే ఆదేశం.

అంతకుముందు చిప్పునుంచి వచ్చిన నియమాల ఫైల్లో ఈ పనికి ఒక్కటే లైను ఉండేది. పేరులో *సింక్* ఉన్న సెల్లులన్నిటినీ, అన్ని అంతస్తుల్లోనూ వెతికి, వాటికి చేరే దారులు వదిలెయ్యమని. ముందు చిప్పులో ఆ లైను నిక్షేపంగా పనిచేసింది. తప్పుపట్టడానికేం లేదు, అక్కడ సింక్ అనే మాట సింక్రొనైజర్లకి తప్ప దేనికీ లేదు.

ఒకరోజు కాల్ అయిపోవస్తుంటే, కొత్తగా చేరిన ఒకమ్మాయి గొంతు సవరించుకుంది.

"ఒక చిన్న డౌటండీ. సింక్రొనైజర్లు మనకి 64 కదా ఉండాల్సింది?"

"అవును, డాక్యుమెంటులో 64."

"మరి ఈ లైను 197 పట్టుకుంటోంది."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎవరో "మ్యూట్‌లో ఉన్నారు" అన్నారు ఇంకెవరితోనో.

ఆ పిల్లని ఎవరూ లెక్కపెట్టమనలేదు. నియమాలు సమీక్షించమన్నారు, అంతే. అందరూ చదివే చోట తను లైనులోని లోపలి ప్రశ్నని విడిగా తీసి, సైజాఫ్_కలెక్షన్‌లో పెట్టి చూసింది. మిగతా 133 ఎవరివో పేర్లు అచ్చువేయించింది. హెచ్‌సింక్, వీసింక్. టీవీ బొమ్మలో గీత ఎక్కడ మొదలవ్వాలో, ఫ్రేము ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంకేతాల పేర్లవి, ఆ రంగంలో ఎప్పణ్ణుంచో ఉన్న పేర్లు. వాటిని లెక్కపెట్టే రిజిస్టర్లన్నీ ఆ *సింక్* వలలో పడ్డాయి. అసింక్ అని పేరున్న ఒక ఫైఫో కూడా. "అసింక్"లో "సింక్" ఉంది కదా మరి. టూలు అక్షరాలు చూస్తుంది, అర్థం చూడదు.

లైనుని సరిచేసి మళ్ళీ నడిపితే అప్పటిదాకా శుభ్రంగా ఉన్న రిపోర్టులో 19 దారులు వేళకి చేరడంలేదని తేలింది. అన్నిటికన్నా వెనకబడ్డది 0.4 నానోసెకను లేటు. 6.73లో 0.4 ఎంత అనిపించవచ్చు. లాబ్‌లో ఏసీ గదిలో పరీక్షిస్తే బహుశా కనబడదు. చిప్పు వేడెక్కితే గేట్లు నెమ్మదిస్తాయి. ఎవరింట్లోనో గంటసేపు సినిమా నడిచాక బొమ్మ ఒక గీత పక్కకి జరిగేది. ఎందుకు జరిగిందో కనిపెట్టడానికి నెలలు, సరిచేసిన మాస్కులు మళ్ళీ చేయించడానికి ఇంకొన్ని నెలలు. అధునాతన టెక్నాలజీల్లో మాస్కుల ఖర్చు మిలియన్ల డాలర్లలో ఉంటుంది.

స్క్రిప్టు చేసిన చిన్న లోపం ఎంత దూరం వెళ్ళగలదో చెప్పడానికి ఈ రంగంలో అందరూ ఇంటెల్ పెంటియమ్ భాగహారం కథ చెబుతారు. 1994లో థామస్ నైస్లీ అనే గణిత ప్రొఫెసర్, ఆ చిప్పు కొన్ని భాగహారాల్లో తప్పు జవాబిస్తోందని పట్టుకున్నాడు. చిప్పులోని ఒక పట్టికలో 1066 గడుల్లో విలువలుండాలి, అందులో 5 ఖాళీగా పోయాయని, పట్టికని హార్డ్‌వేర్‌లోకి ఎక్కించే స్క్రిప్టులో పొరపాటు జరిగిందని ఇంటెల్ అప్పుడిచ్చిన వివరణ. ఆ తర్వాత దీనికోసం 475 మిలియన్ డాలర్లు లెక్కల్లో రాసుకుంది. పరీక్షలు ఎన్నో చేసి ఉంటారు. "ఎన్ని ఎక్కాయి?" అన్న ప్రశ్న ఒక్కటి ఎక్కడో జారిపోయింది.

మా కథ అక్కడితో అవలేదు. లైనుని సరిచెయ్యడం సులభం. పేరు అడగడం మానేసి, "అచ్చు" అడిగితే చాలు. ప్రతి సెల్లుకీ సొంతపేరుతోపాటు, అది లైబ్రరీలో ఏ అచ్చునుంచి పోసిందో చెప్పే గుణం ఉంటుంది, రెఫ్_నేమ్ అని. -ఫిల్టర్ పెట్టి "మన సింక్రొనైజర్ అచ్చులోంచి వచ్చినవాళ్ళే రండి" అంటే సరిగ్గా 64 వచ్చాయి. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, అచ్చు మారదు. కాల్‌లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ అమ్మాయి మాత్రం ఇంకో ప్రశ్న వేసింది. "ఉన్న సింక్రొనైజర్లు 64 అని తేలింది. ఉండాల్సినవి 64 అని ఎలా తెలుసు?"

డాక్యుమెంటు చెప్పింది, అన్నారు ఎవరో. డాక్యుమెంటు కూడా మనుషులు రాసిందేగా అని తను అనలేదు, వినయం గల పిల్ల. మర్నాటికల్లా ఇరవై పైచిలుకు లైన్ల స్క్రిప్టు రాసి పంపింది. అందులో ఒక్క పేరు లేదు, ఒక్క నక్షత్రం లేదు. ఆల్_రిజిస్టర్స్‌ని పిక్సెల్ క్లాకు మీద నడిచే ఫ్లాపులన్నీ తెమ్మంది. ఒక్కొక్కదాని డేటా గుమ్మం దగ్గర నిలబడి, ఆల్_ఫ్యానిన్‌తో వెనక్కి వెళ్ళి "నువ్వెక్కణ్ణుంచి బయల్దేరావు? నీ క్లాకు ఏది?" అని అడిగింది. క్లాకు వేరైతే పుస్తకంలో రాసుకుంది. తర్వాత క్లాకులు తిరగేసి అవతలివైపునుంచి ఇదే పని. ఊళ్ళో ఎవరి పేరేమిటో కాక, ఎవరింటికి ఎవరొస్తారో అడగడం అన్నమాట.

రెండు వైపులా కలిపి 66 వచ్చాయి.

64 సింక్రొనైజర్ సెల్లులు. మిగిలిన రెండూ మామూలు ఫ్లాపులు, ఏ రక్షణా లేకుండా అవతలి క్లాకు విలువని నేరుగా తీసుకుంటున్నాయి. అందులో ఒకటి నిరపాయం. అది తీసుకునేది ఒక సెట్టింగు విలువని, అది చిప్పు లేచినప్పుడు ఒకసారి మారి ఊరుకునేది. రెండోది నిజమైన తప్పు. ఫ్రేము మొదలవ్వమని సాఫ్ట్‌వేర్ ఇచ్చే సంకేతం, దారిలో సింక్రొనైజర్ పెట్టడం మర్చిపోయారు. దాన్ని పట్టుకునే ఫ్లాపు పేరు వీసింక్_స్టార్ట్_రెగ్. పాత నక్షత్రం లైను దాన్ని కూడా తన రెక్కల కింద దాచుకుంది. వేళ లెక్క టూలు "ఈ దారి పొంతన లేనిది" అని అరవాల్సిన చోట, "వదిలెయ్యమన్నారు" అని వదిలేసింది.

ఈ క్లాకు దాటింపులు పట్టుకోవడానికి ప్రత్యేకమైన టూళ్ళున్నాయి, మేమూ చివర్లో నడుపుతాం. అప్పుడది బయటపడేదేమో. కానీ ఆ టూలుకి కూడా నియమాల ఫైలు మేమే ఇస్తాం, చాలాసార్లు అదే ఫైలు ఇస్తాం. మూసిన కన్నే రెండోసారీ మూసుకుంటుంది.

నేనీ రంగంలోకి వచ్చి చాలా ఏళ్ళయింది. ఆల్_ఫ్యానిన్ వాడని వారం లేదు. ఏదైనా దారి వేళకి చేరకపోతే, దాని గురించి అడగడానికి వాడతాం. ఏమీ ఫిర్యాదు లేనప్పుడు, ఊరికే ఊరంతా తిరిగి అడగడానికి వాడొచ్చునని తట్టేవాళ్ళు తక్కువ. మాకు డెడ్‌లైన్లు ఎర్రటి లైన్లని ఆకుపచ్చ చెయ్యడానికే ఇస్తారు. ఆకుపచ్చగా ఉన్నవాటిని అనుమానించడానికి ఎవరూ గంటలు కేటాయించరు.

ఎంఎస్ చదువుతున్న పిల్లలు కొందరు ఈ బ్లాగు చూస్తారని తెలుసు, వాళ్ళకోసం ఒక మాట. కంపెనీ లైసెన్సులు లేకుండా ఇదంతా ఇంట్లో చేసి చూడొచ్చు. యోసిస్ అనే ఉచిత సింథసిస్ టూలు వెరిలాగ్‌ని నెట్‌లిస్ట్ చేస్తుంది. గూగుల్, స్కైవాటర్ కలిసి 2020లో బయటపెట్టిన స్కై130 లైబ్రరీలో నిజమైన సెల్లులున్నాయి. ఓపెన్‌ఎస్‌టీఏ అనే ఉచిత టూలులో గెట్_సెల్స్, గెట్_పిన్స్ అన్నీ ఇలాగే పనిచేస్తాయి. ఫ్యానిన్ అడిగే ఆదేశం మాత్రం అక్కడ గెట్_ఫ్యానిన్, మళ్ళీ యాస తేడా. చిన్న కౌంటరు ఒకటి రాసుకుని దాన్ని ప్రశ్నలడగండి. ముందు మీకు జవాబు తెలిసిన ప్రశ్నలే అడగండి. 8 బిట్ల కౌంటరులో ఫ్లాపులెన్ని అని. 8 రాకపోతే, అదే మీ మొదటి పాఠం.

ఇప్పుడు మా నియమాల ఫైల్లో సింక్రొనైజర్ల లైనుకి ముందు ఇంకో నాలుగు లైన్లున్నాయి. అచ్చు పేరుతో సెల్లులు తెచ్చి, లెక్కపెట్టి, 64 కాకపోతే హెచ్చరిక కాదు, ఏకంగా ఆగిపోతుంది. ముందుకి కదలదు. పక్కన ఆ అమ్మాయి ఇంగ్లీషులో ఒక వ్యాఖ్య రాసింది: ఈ అంకె మారిస్తే ఎందుకు మార్చారో కింద రాయండి అని.

ఆ ఫైలు ఈమధ్య ఇంకో చిప్పుకి వెళ్ళింది. మొదటి రాత్రే ఆగిపోయింది. అక్కడ 71 ఉన్నాయట. వాళ్ళ లీడు నాకు ఫోన్ చేసి, "ఎవరండీ ఇది పెట్టింది, రన్ అంతా పోయింది, రాత్రంతా వేస్టు" అని గట్టిగానే విసుక్కున్నాడు. ఆ పిల్ల నంబరు ఇచ్చాను. మధ్యాహ్నానికి ఫైల్లో 71 అని ఉంది, దాని కింద ఏడు పేర్లు, ఒక్కోదానికీ ఒక్కో లైను కారణం. ఆరోదాని పక్కన మాత్రం ఇంకా ప్రశ్నార్థకం ఉంది.